ఉల్లి వేరుకొనలో 16 సరిగ్గా కనిపించాలంటే

ఉల్లి కణంలో క్రోమోజోములు 16. స్లైడు మీద 14 అనో 17 అనో వస్తే తప్పు చాలాసార్లు లెక్కలో ఉండదు, వేరును సిద్ధం చేసిన తీరులో ఉంటుంది.

పాత వేర్లు గీకేసిన గడ్డ అడుగు నీళ్లకు తగిలేలా గ్లాసు మీద పెట్టండి. కొత్త వేర్లు సెంటీమీటరు దాటగానే ఉదయం పూట కోసి, 0.05 శాతం కాల్చిసిన్‌లో మూడు గంటలు ఉంచండి. అది విషం, చేతి తొడుగులు తప్పనిసరి. దానివల్ల కణం చీలేటప్పుడు క్రోమోజోములను లాగే కండె పోగులు ఏర్పడవు కాబట్టి క్రోమోజోములు పొట్టిగా, విడివిడిగా నిలుస్తాయి. ఈ మెట్టు వదిలేస్తే ఒకదానిమీదొకటి ఎక్కి కూర్చుంటాయి, 14 వచ్చేది అందుకే.

తర్వాత మూడు పాళ్లు ఆల్కహాలు, ఒక పాలు గ్లేషియల్ ఎసిటిక్ ఆమ్లం కలిపిన ద్రావణంలో ఒక రోజు. ఆపై 1 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో 60 డిగ్రీల దగ్గర 8 నిమిషాలు. కణాలను అతికించే జిగురు కరగడానికి అంత చాలు, ఎక్కువసేపు ఉంచితే రంగు సరిగా పట్టదు.

కడిగి, చివరి 2 మిల్లీమీటర్లే క్రోమోజోములకు రంగు పట్టించే ఎసిటోకార్మిన్ చుక్కలో పెట్టి, కవర్‌స్లిప్ వేసి బొటనవేలితో నిలువుగా నొక్కండి. గాజు వెంట్రుకవాసి పక్కకు జరిగినా పక్క కణంలోది వచ్చి చేరుతుంది. ఆ 17 అదే.

గోడ చెదరని కణాలు కనీసం పది లెక్కపెట్టండి. వేరుశనగ (40), గోధుమ (42) అయితే ఇంకా ఎక్కువే చూడాలి.