మాస్క్ తీసే చోటే జాగ్రత్త

2021 మే నెలలో, కోవిడ్ రెండో వేవ్ నడుస్తుండగా, ఐసోలేషన్ వార్డులో నాకు వరసగా పన్నెండు రోజులు డ్యూటీ పడింది. పీపీఈ కిట్ వేసుకుంటే ఆరు గంటలు నీళ్లు లేవు, బాత్రూమ్ లేదు. గ్లవ్స్ విప్పేసరికి వేళ్లు నానిపోయి ముడతలు పడేవి. ఆ వార్డులో పనిచేసినన్ని రోజులూ మాలో ఎవరికీ ఏమీ కాలేదు. ఒక మధ్యాహ్నం డ్యూటీ దిగాక నలుగురం చిన్న గదిలో కూర్చుని క్యారేజీలు విప్పాం. ఏసీ వేసి ఉందని తలుపు మూసేశాం. ఒకరి గోంగూర పచ్చడి ఇంకొకరికి వడ్డించుకుంటూ అరగంట మాట్లాడుకున్నాం. మాలో ఒకమ్మాయి పొద్దుటి నుంచీ గొంతు గరగరగా ఉందంటూనే ఉంది, ఎండదెబ్బేమోలే అనుకున్నాం. నాలుగో రోజుకి మిగతా ముగ్గురం జ్వరంతో పడుకున్నాం.

అందుకే ఎవరడిగినా ముందు ఒక మాట చెబుతాను. భయం ఉన్న చోట మనం జాగ్రత్తగానే ఉంటాం. వైరస్ అంటుకునేది 'హమ్మయ్య' అనుకుని మాస్క్ దించిన పది నిమిషాల్లో. కాబట్టి మాస్క్ ఎక్కడ తీస్తున్నారు, ఎవరి ముందు తీస్తున్నారు అన్నది చూసుకోండి. ఆఫీసులో అయినా, పెళ్లిలో అయినా, జ్వరాల కాలంలో భోజనం ఆరుబయటో, కిటికీలు తెరిచిన చోటో చేయండి. ఆ అనుభవం తర్వాత నుంచి మేం కూడా డాబా మెట్ల మీద, మెట్టుకి ఒకరం కూర్చుని తిన్నాం.

మాస్కుల్లో ఎన్95 మేలు. కవాటం ఉన్నది కొనకండి, మీరు వదిలే గాలి వడపోత లేకుండా ఎదుటివాళ్ల మీదకి పోతుంది. పై పట్టీ నడినెత్తి దగ్గర, కింది పట్టీ చెవుల కింద మెడ మీద ఉండాలి. ముక్కు మీద తీగని రెండు చేతుల వేళ్లతో నొక్కండి, ఒక్క చేత్తో నొక్కితే మధ్యలో మడత పడుతుంది. గట్టిగా ఊదండి. కళ్లద్దాలు మసకబారినా, బుగ్గల పక్క నుంచి గాలి తగిలినా సరిగ్గా కూర్చోలేదన్నమాట. గడ్డం ఉన్నవాళ్లకి ఎంత ఖరీదైన మాస్క్ అయినా అంటుకుని కూర్చోదు.

ఎన్95ని ఉతక్కండి, శానిటైజర్ కొట్టకండి. దాని పొరల్లో ఉన్న విద్యుదావేశమే సన్న కణాల్ని పట్టేది. స్పిరిట్ తగిలితే అది పోతుంది. చూడ్డానికి మాత్రం మాస్క్ కొత్తదానిలాగే ఉంటుంది. మా వంటింటి తలుపు వెనక ఐదు మేకులు కొట్టి, మెడికల్ షాపు కాగితం కవర్లు ఐదు తగిలించాను. ఒక్కో కవరు మీద స్కెచ్ పెన్నుతో ఒకటి, రెండు అని అంకె. ఈ రోజు వాడింది ఒకటో కవర్లోకి వెళ్తే మళ్లీ ఆరో రోజుకి బయటికొస్తుంది. ఈలోపు అది ఆరిపోతుంది. ప్లాస్టిక్ కవరులో పెడితే చెమట ఆరదు. పట్టీ సాగినా, మాస్క్ నలిగినా, తడిసినా పారేయండి.

తీసేటప్పుడు ముందుభాగం ముట్టుకోకూడదు. చేతులు కడుక్కుని, కాస్త ముందుకి వంగి, కళ్లు మూసుకుని, కింది పట్టీ ముందు, పై పట్టీ తర్వాత తీసి, పట్టీలు పట్టుకునే కవర్లో వేసి, మళ్లీ చేతులు కడగండి. ఆసుపత్రిలో కూడా అంతే. గ్లవ్స్, గౌను, కళ్లజోడు అన్నీ అయ్యాక, గది బయటికొచ్చాకే మాస్క్. కిట్ వేసుకోవడం కంటే విప్పడానికే మాకు ఎక్కువ ట్రైనింగ్ ఇచ్చారు.

చేతుల విషయం పిల్లలకి ఇలా చూపించండి. అరచేతుల్లో పసుపు రాసి, బట్టల సబ్బుతో కడుక్కోమనండి. సబ్బు తగిలిన చోట పసుపు ఎర్రబడుతుంది, తగలని చోట పచ్చగానే ఉంటుంది. మా చిన్నాడు రెండు నిమిషాలు కడిగానన్నాడు, బొటనవేళ్ల చుట్టూ, గోళ్ల మూలల్లో పచ్చగా మిగిలింది. పెద్దవాళ్లం కూడా అక్కడే వదిలేస్తాం. సబ్బుతో 40 నుంచి 60 సెకన్లు రుద్దాలి. ఉంగరాలు, గాజుల కింద సబ్బు వెళ్లదు. నేను గాజులు తీసి, సూత్రాలు జాకెట్టు లోపలికి పిన్ను పెట్టుకునేదాన్ని. మా అత్తయ్య మొదట్లో నొచ్చుకున్నారు గానీ, కారణం చెప్పాక ఆ పిన్ను రోజూ ఆవిడే పెట్టేవారు.

2020లో పాల ప్యాకెట్లు, కూరగాయలు కూడా సర్ఫు నీళ్లతో కడిగాం. ఇప్పుడు అంత చేయమని చెప్పను. కోవిడ్ ఎక్కువగా గాలిలోనే వస్తుంది, ఆ శ్రద్ధ కిటికీ మీద పెట్టండి. ఇంట్లో ఒకరికి జ్వరం, దగ్గు వస్తే వేరే గది ఇచ్చి, బయటికున్న కిటికీ తెరిచి, టేబుల్ ఫ్యాన్‌ని ఆ కిటికీ వైపు తిప్పండి, లోపలి గాలి బయటికి పోవాలి. వేరే గది లేకపోతే వరండాలో మంచం వేయండి. చూసుకునే మనిషి ఒక్కరే ఉండాలి. గర్భిణులు, సుగర్ ఉన్నవాళ్లు, ముసలివాళ్లు ఆ పనికి వద్దు. గదిలోకి వెళ్లేటప్పుడు ఇద్దరికీ మాస్క్ ఉండాలి. కంచం విడిగా కొనక్కర్లేదు, సబ్బుతో తోమితే చాలు. బాత్రూమ్ ఒక్కటే అయితే రోగి చివర వెళ్లాలి. శుభ్రం చేసేటప్పుడు బ్లీచింగ్ పౌడర్‌నీ యాసిడ్‌నీ మాత్రం కలపకండి, విషవాయువు వస్తుంది.

రక్తంలో ఆక్సిజన్ శాతం చూపించే ఆక్సీమీటర్ ఉంటే సరిగ్గా వాడండి. గోళ్ల రంగు, గోరింటాకు ఉన్న వేలు వద్దు. ఐదు నిమిషాలు కూర్చుని, చెయ్యి వెచ్చగా ఉంచి, అంకె నిలకడగా ఆగేదాకా చూసి కాగితం మీద టైమ్‌తో సహా రాయండి. 94 కంటే తగ్గితే వెంటనే డాక్టర్‌తో మాట్లాడాలి, 90కి వస్తే ఇంట్లో ఉండకూడదు. మా పక్కింటి బాబాయిగారు కుర్చీలో కూర్చుని "96 ఉందమ్మా, నాకేం టెన్షన్ లేదు" అన్నారు. ఇంట్లోనే ఒక ఆరు నిమిషాలు నడవమన్నాను. మూడో నిమిషానికి 89. అప్పటికి ఆయనకి ఆయాసం కూడా తెలియడం లేదు. ఆ రాత్రే ఆసుపత్రిలో చేర్చారు, పదకొండో రోజున నడుచుకుంటూ వచ్చారు.

మందుల దగ్గర నా కోపం దాచుకోలేను. యాంటీబయాటిక్ వైరస్‌ని చంపదు. స్టెరాయిడ్లు ఆక్సిజన్ అవసరమైన కోవిడ్ రోగుల్ని కాపాడాయి. కానీ ఆ అవసరం లేనివాళ్లు పక్కింటివాళ్ల చీటీ చూసి వాడితే నష్టమే. సుగర్ ఉన్నవాళ్లలో 2021లో బ్లాక్ ఫంగస్ అంతగా రావడానికి ఇష్టం వచ్చినట్టు వాడిన స్టెరాయిడ్లు కూడా ఒక కారణం. ఆవిరితో వైరస్ చావదు. మరిగే నీళ్ల గిన్నె ఒళ్లో పడి తొడలు కాలిన పిల్లకి కట్లు కట్టిన చేతులివి, దయచేసి పిల్లలకి ఆవిరి పట్టకండి.

జాగ్రత్తలకి పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆగుదామని కూడా అనుకోకండి. 2018లో కేరళలో, పేరాంబ్రా ఆసుపత్రి నర్సు లినీ, నిపా వైరస్ జబ్బు అని ఇంకా తేలని రోగికి సేవ చేసి, అదే జబ్బుతో చనిపోయింది. ఇద్దరు చిన్నపిల్లల తల్లి. ఆవిడ పేరు తలుచుకోకుండా నేను ఈ మాటలు చెప్పలేను. మీ ఇంట్లో దగ్గుకి పేరు తెలియకముందే కిటికీ తెరవండి, మాస్క్ పెట్టండి.

ఆసుపత్రికి వెళ్లాల్సి వస్తే సంచిలో రోజూ వాడే మందుల చీటీ, ఆక్సీమీటర్ అంకెలు రాసిన కాగితం, ఫోన్ చార్జర్, రెండు అదనపు మాస్కులు పెట్టుకోండి. 108కి ఫోన్ చేసినప్పుడు జ్వరం, దగ్గు ఎన్ని రోజులుగా ఉన్నాయో, ఇంట్లో ఇంకెవరికైనా ఉన్నాయో ముందే చెప్పండి. అప్పుడు అంబులెన్స్‌లో వచ్చే పైలట్ (డ్రైవర్), ఈఎంటీ (అత్యవసర చికిత్స చేసే సిబ్బంది) మాస్క్ వేసుకునే మీ గడప దగ్గరికి వస్తారు.