ఆగని ఫిట్స్‌ను లెక్కపెట్టడం – 4వ పాఠం: రిజిస్టర్‌లో లేనివాళ్లు

కిందటి పాఠంలో ఎవరిని ఆగని ఫిట్స్ (స్టేటస్ ఎపిలెప్టికస్) కేసుగా రాసుకోవాలో తేల్చుకున్నాం. ఒళ్లంతా కొట్టుకునే ఫిట్స్ 5 నిమిషాలు దాటితే కేసు. మధ్యలో తెలివి రాకుండా ఒకదాని వెంట ఒకటి వస్తున్నా కేసే. పాత పుస్తకాల్లో 30 నిమిషాలని ఉంటుంది. 2015 నాటి అంతర్జాతీయ నిర్వచనం ఈ రెండు అంకెలనూ ఉంచింది: 5 దాటితే దానంతటది ఆగుతుందని ఎదురుచూడకుండా వైద్యం మొదలుపెట్టాలి, 30 దాటితే మెదడుకు శాశ్వత నష్టం జరగొచ్చు. మన లెక్కకు 5 చాలు.

ఇంట్లోవాళ్లు గడియారం చూడరు. చేతిలో తాళాలు పెట్టాలని పరిగెడుతుంటారు (దాంతో ఫిట్స్ ఆగవు, అది వేరే సంగతి). అందుకే "ఎన్ని నిమిషాలు?" అని అడగకండి. "ఆటో ఎక్కించేటప్పుడు కూడా కొట్టుకుంటున్నాడా?" అని అడగండి. ఊళ్లోకి ఆటో వచ్చేసరికే 5 నిమిషాలు దాటిపోతాయి.

ఇక ఇవాళ్టి పని. శ్రీకాకుళం జిల్లాలో ఒక ఏడాదిలో ఇలాంటి కేసులు ఎన్నో తెలియాలి. పెద్దాసుపత్రి క్యాజువాలిటీ రిజిస్టర్ తెరిచి లెక్కపెడితే సరిపోదా? సరిపోదు. ఇచ్ఛాపురం మనిషికి శ్రీకాకుళం కంటే ఒడిశాలోని బరంపురమే దగ్గర, అటే తీసుకెళతారు. రణస్థలం, లావేరు వైపు వాళ్లలో కొందరు నేరుగా విశాఖ కేజీహెచ్‌కు పోతారు. కొందరు ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో చేరతారు. మందస కొండల మీద కొందరు ఇంట్లోనే ఉండిపోతారు. ఒక్క రిజిస్టర్ ఎప్పుడూ తక్కువే చెబుతుంది. ఎంత తక్కువ అన్నదే ప్రశ్న.

దీనికి చేపల లెక్క ఉంది. చెరువులో వల వేసి 50 చేపలు పట్టారు, ఒక్కోదానికి గుర్తు పెట్టి వదిలేశారు. కొన్నాళ్లకు మళ్లీ వల వేస్తే 36 పడ్డాయి, వాటిలో 20కి గుర్తుంది. అంటే 36లో 20 మొదటి వలకు పడినవే. చెరువు మొత్తం మీద కూడా మొదటి వల పట్టింది అదే వంతు అనుకుంటే, 50 × 36 ÷ 20 = 90 చేపలు. రెండు వలలూ కలిపి చూసినవి 66 (50 + 36 – 20). ఏ వలకూ పడనివి 24.

ఇదే పద్ధతిని 1949లో చంద్రశేఖరన్, డెమింగ్ అనే ఇద్దరు గణాంకవేత్తలు మనుషుల లెక్కకు వాడారు. కలకత్తా దగ్గర సింగూరులో జనన మరణాల రిజిస్టర్‌ను ఇంటింటి సర్వేతో పోల్చారు. ఉత్తర లండన్‌లో పిల్లల ఆగని ఫిట్స్ లెక్కలోనూ ఇదే వాడి, తప్పిపోయినవాళ్లను కలిపాక ఏటా లక్ష మంది పిల్లలకు 17 నుంచి 23 అని తేల్చారు.

చేపల స్థానంలో మనుషుల్ని పెడదాం. అంకెలు అవే, కేవలం నేర్చుకోవడానికి. ఆసుపత్రుల జాబితాలో 50 మంది, ఆశా కార్యకర్తల ఇంటింటి జాబితాలో 36 మంది, రెండింట్లో ఉన్నవాళ్లు 20. జనాభా 5 లక్షలు అనుకుంటే, చూసిన 66 మందితోనే లెక్కకడితే లక్షకు 13.2. అంచనాతో అయితే లక్షకు 18. తేడా చిన్నదేం కాదు.

అసలు తలనొప్పి ఆ 20 దగ్గరే. రెండు జాబితాల్లో ఉన్నది ఒకే మనిషని ఎలా తేలుస్తారు? మన వైపు సింహాచలం అన్న పేరు మగవాళ్లకూ ఉంటుంది, ఆడవాళ్లకూ ఉంటుంది. అప్పలనాయుడు, అప్పలనర్సమ్మ వీధికొకరు. 'వలస' అని ముగిసే ఊళ్లయితే లెక్కే లేదు, పైగా రాసేవాళ్లు ముందు సగం మింగేసి 'వలస' అని మాత్రం రాస్తారు. మొదట్లో నేను పేర్లు మాత్రమే చూసి జతలు కలిపాను. స్పెల్లింగ్ తేడా వచ్చిందని నలుగురిని వేరే మనుషులుగా వదిలేశాను. పై అంకెల్లో అయితే 20 కాస్తా 16 అవుతుంది, అంచనా 90 నుంచి 112కు ఎగురుతుంది! నాలుగు పేర్లకే ఇంత. అప్పటినుంచీ పేరు, ఆడా మగా, ఊరు, మండలం, వయసు మూడేళ్లు అటూ ఇటూ, ఫిట్స్ వచ్చిన తేదీ రెండు రోజులు అటూ ఇటూ చూస్తున్నాను. పేరు కాక మిగతావాటిలో నాలుగు కలిస్తేనే జత.

రెండో చిక్కు, ఏ రెండు జాబితాలు తీసుకోవాలన్నది. 108 రికార్డు, ప్రభుత్వాసుపత్రి రిజిస్టర్ తీసుకోవాలని అందరికీ అనిపిస్తుంది, ఎందుకంటే రెండూ సులువుగా దొరుకుతాయి. కానీ 108 ఎక్కినవాళ్లను ఎక్కువగా దించేది ప్రభుత్వాసుపత్రిలోనే. రెండు వలలూ చెరువులో ఒకే మూల వేసినట్టు. కలిసినవి ఎక్కువవుతాయి, అంచనా తగ్గిపోతుంది. ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రుల్ని రెండు జాబితాలుగా పెడితే దానికి తిరగబడుతుంది. ఒకదానికి వెళ్లినవాళ్లు రెండోదానికి పెద్దగా వెళ్లరు, కలిసినవి తగ్గి అంచనా ఉబ్బిపోతుంది. నా సలహా: బరంపురం, విశాఖతో సహా ఆసుపత్రులన్నీ కలిపి ఒక జాబితా, ఇంటింటి సర్వే రెండోది. కష్టమే. అయినా వేరే దారి నాకు కనిపించలేదు.

ఒక మనిషికి ఏడాదిలో రెండుసార్లు వస్తే? మనం మనుషుల్ని లెక్కపెడుతున్నాం కాబట్టి ఒక్కసారే. టెక్కలిలో చేర్చి శ్రీకాకుళానికి, అక్కణ్ణుంచి విశాఖకు పంపిన కేసు మూడు రిజిస్టర్లలో ఉంటుంది. అదీ ఒకటే.

అభ్యాసం: ఆసుపత్రుల జాబితాలో 45, ఇంటింటి జాబితాలో 30, రెండింట్లో 18. మొత్తం ఎంత? తర్వాత ఆ జతల్లో ముగ్గురు సింహాచలాలు వేరు వేరు మనుషులని తేలింది, అప్పుడెంత? జవాబులు 5వ పాఠం మొదట్లో. భాగహారంలో కింద వేసే జనాభాను కూడా అక్కడే చూద్దాం. చేపల వేటకు నెలల తరబడి గుజరాత్‌లోని వెరావల్ వెళ్లే మత్స్యకారుణ్ణి జిల్లా జనాభాలో ఎంతమేరకు కలపాలన్నది మొదటి లెక్క.