పెరటి సేద్యం, ఐదవ పాఠం: శరత్తులో నీరు తీయడం, నారు పోయడం

గత పాఠం చివర ఇచ్చిన అభ్యాసం ప్రకారం పెరటి మట్టిని గాజు సీసాలో నీటితో కలిపి, ఒక రోజు కదపకుండా ఉంచి, అడుగున ఇసుక, దాని మీద ఒండ్రు, అన్నిటికంటే పైన బంకమట్టి ఏయే మందాన పేరుకున్నాయో మీరు కొలిచి రాసుకొని ఉంటారు. ఆ కాగితాన్ని దగ్గర పెట్టుకోండి. బంకమట్టి పొర మందంగా ఉన్నవారు ఈ పాఠంలోని మొదటి సగాన్ని రెండుసార్లు చదవాలి. సముద్రతీరం వైపు ఇసుక నేలల్లో ఉన్నవారు దాన్ని ఒకసారి చదివి, నారుమడి భాగాన్ని నిదానంగా చదివితే చాలు.

శరదృతువు అనగానే కావ్యాలు చదివినవారికి తేటపడిన ఆకాశం, పిండి ఆరబోసినట్టున్న వెన్నెల గుర్తుకు వస్తాయి. గోదావరి డెల్టాలో పెరడు ఉన్నవారికి మాత్రం ఆశ్వయుజ కార్తీకాలంటే బురదే గుర్తుకు వస్తుంది. నైరుతి ఋతుపవనాలు వెనుదిరిగిన తరువాత, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, బంగాళాఖాతంలో వాయుగుండాలు ఏర్పడి ఈ తీరం మీదికి రావడం ఏటా జరిగేదే. అప్పటికే నేల లోపల నీటిమట్టం బాగా పైకి వచ్చి ఉంటుంది. కోనసీమలో చాలా పెరళ్లలో ఈ రోజుల్లో రెండు మూడు అడుగులు తవ్వితే నీరు ఊరుతుంది. అటువంటి నేల మీద మళ్లీ ఒక రాత్రంతా వాన కురిస్తే ఆ నీరు కిందికి ఇంకదు, పక్కకు పోవడానికి మనం దారి చేసి ఉంచకపోతే అక్కడే నిలుస్తుంది. మొక్కల వేళ్లకు గాలి కావాలి. మట్టి రేణువుల మధ్య ఖాళీలన్నీ నీటితో నిండిపోతే వేళ్లు ఊపిరాడక కుళ్లుతాయి, ఆకులు వడలిపోతాయి. ఆ వడలిన ఆకులను చూసి నీరు చాలలేదని భ్రమపడి మరో రెండు చెంబులు పోసేవారిని నేను చాలామందిని చూశాను.

1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట తరువాత ఈ ప్రాంతంలో నీరు తెచ్చుకోవడం కష్టం కాలేదు. వచ్చిన నీటిని సాగనంపడమే నేటికీ కష్టంగా ఉంది. పెద్ద మురుగు కాలువల సంగతి మన చేతిలో లేదు గాని, పెరటిలో ఈ మూల నుంచి ఆ మూలకు నీరు నడిపించడం మన చేతిలోనే ఉంది.

నీటికి దారి

ముందుగా ఒక మాట గురించి చెప్పాలి. వ్యవసాయ పుస్తకాలలో ‘బోదె’ అంటే మొక్కలు నాటడానికి ఎత్తుగా పోసిన మట్టి వరుస. మన గోదావరి జిల్లాలలో ‘పంట బోదె’ అంటే చేలకు నీరు పారే చిన్న కాలువ. పుస్తకంలో ‘బోదెల మీద నాటండి’ అని చదివి మా బంధువు ఒకాయన కాలువ గట్టు వెంట వంగ నాటాడు. ఆ గందరగోళం రాకుండా ఈ పాఠంలో మొక్కలు ఉండేదాన్ని ‘ఎత్తుమడి’ అని, నీరు పోయేదాన్ని ‘కాలువ’ అని మాత్రమే అంటాను.

పెరటిలో వాలు ఎటు ఉందో కంటికి తెలియదు, ఎందుకంటే డెల్టా నేల చూపుకు బల్లపరుపుగానే ఉంటుంది. తాపీ మేస్త్రులు మట్టం చూడడానికి వాడే సన్నని పారదర్శకపు గొట్టం ముప్పై అడుగులది ఒకటి సంపాదించండి. అందులో గాలిబుడగలు లేకుండా నీరు నింపి, పెరటిలో దూరపు మూలన ఒక పుల్ల, నీరు బయటికి పోవలసిన చోట మరొక పుల్ల పాతి, గొట్టం రెండు కొసలనూ ఆ పుల్లలకు ఆనించి పట్టుకోండి. నీరు కదలడం ఆగిన తరువాత రెండు వైపులా నీటి అంచు ఎక్కడ ఉందో ఆ పుల్లల మీద గీత పెట్టి, ప్రతి గీత నుంచి నేల దాకా ఎన్ని అంగుళాలు ఉందో కొలవండి. రెండు కొలతల తేడాయే మీ పెరటి వాలు. బయటికి పోయే చోట గీత నుంచి నేల దాకా దూరం ఎక్కువగా ఉంటే నేల అటే వాలి ఉన్నదని అర్థం. ముప్పై అడుగులకు మూడు నాలుగు అంగుళాల వాలు ఉంటే కాలువలో నీరు హాయిగా నడుస్తుంది. రెండు అంగుళాలు ఉన్నా పరవాలేదు గాని, కాలువ అడుగున గడ్డి, ఆకులు చేరకుండా చూసుకోవాలి. వాలు అసలు లేకపోయినా, అది ఇంటి వైపుకే ఉన్నా, నేల మొత్తాన్ని సరిచేసే ప్రయత్నం చేయవద్దు. కాలువ అడుగునే దూరం పోయేకొద్దీ లోతు చేసుకుంటూ వెళ్లండి.

కాలువ ఒక అడుగు వెడల్పు, ముప్పావు అడుగు లోతు ఉంటే సాధారణమైన పెరటికి సరిపోతుంది. తవ్విన మట్టిని బయట పారబోయకుండా పక్కనే మూడు అడుగుల వెడల్పున పరిస్తే అదే ఎత్తుమడి అవుతుంది. మూడు అడుగులని చెప్పడానికి కారణం, రెండు వైపుల నుంచీ చేయి చాచితే నడుమ దాకా అందుతుంది కాబట్టి మడి మీద కాలు పెట్టవలసిన అవసరం రాదు. పెంకుటింటి చూరు నీరు, డాబా గొట్టం నీరు నేరుగా మడి మీద పడుతున్నాయేమో చూసుకోండి. ఒక్క గంట వానకు కప్పు మీది నుంచి దిగే నీరు పెరటి మీద పడే వానకంటే ఎక్కువ నష్టం చేయగలదు. సముద్రానికి దగ్గర ఊళ్లలో పోటు వేళ మురుగు కాలువ వెనక్కు తన్ని ఉప్పు నీరు పెరటిలోకి ఎగదన్నుతుంది. అటువంటి చోట బయటి కొసన మట్టి నింపిన గోనె సంచి ఒకటి సిద్ధంగా పెట్టుకొని, పోటు వేళ అడ్డం పెట్టి, ఆటు వేళ తీసివేయాలి.

ఇదంతా మట్టి పదును మీద ఉన్నప్పుడు చేయవలసిన పని. పిడికెడు మట్టి తీసి గట్టిగా నొక్కి ఉండ చేసి, నడుము ఎత్తు నుంచి కింద పడవేయండి. ఉండ పగిలి పొడిపొడి అయితే గునపం పట్టవచ్చు. చప్పిడిగా అతుక్కుపోతే పార అటకెక్కించి రెండు రోజులు ఆగాలి. ఒక ఏడాది దసరా సెలవులు అయిపోతున్నాయన్న తొందరలో నేను తడి బంకమట్టిని తవ్వి మడులు కట్టాను. అవి ఎండిన తరువాత ఇటుకల్లా బిగుసుకుపోయి, సంక్రాంతి దాకా ఒక్క మొక్క కూడా వేరు దించలేదు. ఆ మట్టి మళ్లీ గుల్లబారడానికి రెండు వేసవులు పట్టింది.

నారుమడి

శీతకాలపు కూరగాయలకు నారు పోయడానికి హస్త, చిత్త కార్తెలు, అంటే సుమారు సెప్టెంబరు 27 నుంచి అక్టోబరు 23 వరకు, అనువైన కాలం. చిత్త దాటినా మునిగిపోయినది ఏమీ లేదు. స్వాతి కార్తెలో పోసిన టమాట నారు వానల ఒత్తిడి కొంత తప్పించుకుంటుంది గనుక, నేను కొంత చిత్తలోను, కొంత స్వాతిలోను పోస్తాను. మొదటి మడిని వాయుగుండం తీసుకుపోయినా రెండవది మిగులుతుంది.

నారుమడికి పోయే ఎరువును వారం ముందే సిద్ధం చేయాలి. బాగా చివికిన పశువుల ఎరువు తొమ్మిది కిలోలు, వేపపిండి ఒక కిలో, ట్రైకోడెర్మా (మొక్కలకు మేలు చేసే ఒక శిలీంధ్రం) పొడి 200 గ్రాములు కలిపి, చేతితో నొక్కితే నీరు కారనంత తడి చేసి, నీడలో కుప్ప పోసి తడి గోనె కప్పండి. వారం పది రోజులలో కుప్ప మీద ఆకుపచ్చని బూజు కనిపిస్తుంది. ఆ బూజు చూసి ఎరువు పాడైందని పారవేయకండి, మనం పెంచదలచినది దాన్నే. నేలలో ఉండి నారును కుళ్లబెట్టే శిలీంధ్రాలను అది అణచివేస్తుంది.

మడి అర అడుగు ఎత్తు, మూడు అడుగుల వెడల్పు ఉండాలి. పై మట్టిని వేళ్లతో నలిపి గడ్డలు లేకుండా చేసి, సిద్ధమైన ఎరువు కలిపి, రెండు మూడు అంగుళాల ఎడంతో అర సెంటీమీటరు లోతు గీతలు గీసి, వాటిలో విత్తనాలను పలచగా వేయాలి. వెదజల్లితే పని త్వరగా అవుతుంది గాని, ఒత్తుగా మొలిచిన చోట గాలి ఆడక నారుకుళ్లు మొదలై, ఒకటి పడిపోతే దాని పక్కది, దాని పక్కది చాపలా వాలిపోతాయి. గీతలను సన్నని ఎరువుతో కప్పి, పైన వరిగడ్డి పలచగా పరచి, రోజ్‌క్యాన్‌తో, అంటే సన్నని చిల్లుల మూతి ఉన్న నీటి డబ్బాతో, నీరు చల్లండి. టమాట, క్యాబేజీ అయిదారు రోజులకు, వంగ వారానికి, మిరప పది రోజులకు మొలక చూపుతాయి. తెల్లని మొలక కంటపడిన సాయంత్రమే గడ్డి తీసివేయాలి. మరుసటి రోజుకు వాయిదా వేస్తే మొలకలు వెలుతురు కోసం సాగి బలహీనపడతాయి, మధ్యాహ్నం తీస్తే ఎండకు సొమ్మసిల్లుతాయి.

వాన నుంచి కాపాడడానికి నాలుగు వెదురు బద్దలను విల్లులా వంచి గుచ్చి, వాటి మీద పారదర్శకపు పాలిథిన్ కప్పి, రెండు కొసలూ గాలికి తెరచి ఉంచండి. తాటాకు గాని కొబ్బరాకు దడి గాని కప్పితే వాన ఆగుతుంది గాని వెలుతురు కూడా ఆగిపోతుంది. కాబట్టి వాటిని వాన కురిసేంత సేపే ఉంచాలి. నీరు ఉదయమే పోయాలి. సాయంత్రం పోస్తే మొదళ్లు రాత్రంతా తడిగా ఉండి కుళ్లుకు అవకాశం ఇస్తాయి. ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా మొదళ్లు నలుపెక్కి వాలుతుంటే, లీటరు నీటికి మూడు గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్లు తడిసేలా పోయండి. ఈ రాగి మందు ట్రైకోడెర్మాను కూడా దెబ్బతీస్తుంది గనుక, ముందుజాగ్రత్త పేరుతో దీన్ని వాడకూడదు.

టమాట, క్యాబేజీ, కాలీఫ్లవర్ నారు నాలుగు వారాలకు, వంగ అయిదు వారాలకు, మిరప ఆరు వారాలకు నాటడానికి వస్తుంది. నాటే ముందు వారం నీరు తగ్గించి నారును కాస్త గట్టిపడనివ్వాలి. వంగకు రెండు అడుగుల ఎడం ఇవ్వండి, టమాటకు ఒకటిన్నర అడుగు చాలు. నారు చిన్నగా ఉండగా ఆ ఖాళీ చూసి మనసు ఒప్పక మధ్యలో మరొకటి గుచ్చుతాము. పుష్యమాసంలో ఆ రెండింటిలో ఏదీ సరిగా కాయదు.

పందిరి కింద ఓపిక

శ్రావణంలో పెట్టిన తీగ చిక్కుడు ఇప్పటికి పందిరి నిండా అల్లుకొని, ఒక్క పూత కూడా లేకుండా పచ్చగా ఉంటుంది. ‘ఆకే గాని పూత లేదు’ అని యూరియా వేసేవారు ఈ నెలలో ప్రతి వీధిలోను ఉంటారు. మన నాటు చిక్కుడు పగటి పొద్దు తగ్గితే తప్ప పూయదు. రాత్రులు పొడవైనకొద్దీ, కార్తీకం నడుమ నుంచి మార్గశిరం దాకా, అది తనంతట తానే గెలలు వేస్తుంది. అంతవరకు మనం చేయవలసినది యూరియా వంటి నత్రజని ఎరువులు ఆపడం, పందిరి సరుగుడు గుంజలు కదలకుండా మొదళ్ల దగ్గర మట్టి దిమ్మించడం, కొబ్బరి తాడు కట్లు బిగించడం మాత్రమే. పందిరికి ఎదురుగా వీధి దీపం ఉంటే ఆ వైపు పూత ఆలస్యం కావడం కూడా రాత్రి చీకటి చాలకపోవడం వల్లనే. మబ్బు పట్టిన రోజులలో లేత కొసలకు పేనుబంక పడుతుంది. మొదటి నాలుగు కొసలను తుంచి సబ్బు నీటిలో వేయడం మేలు. ముదిరితే లీటరు నీటికి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు ద్రావణం కలిపి సాయంత్రం వేళ ఆకు అడుగున పిచికారీ చేయాలి. సంక్రాంతికి కూర, రథసప్తమి రథానికి కాయలు, ప్రసాదానికి ఆకులు ఈ పందిరే ఇస్తుంది.

సంక్రాంతి గొబ్బెమ్మలకు బంతి కావాలంటే నవంబరు మొదటి వారంలో విత్తి, నెలాఖరుకు నాటితే సరిగా పండుగకు పూత అందుతుంది. కొత్తిమీరకు తొందర వద్దు, ఉక్కపోత తగ్గిన తరువాత ధనియాలను రెండు బద్దలుగా నలిపి ఒక రాత్రి నానబెట్టి చల్లాలి. కంద ఆకులు పసుపు బారుతుంటే నీరు పూర్తిగా ఆపివేయండి. కంద తవ్వే వేళకు గట్టు మీద బచ్చలి లేతగా ఉండేలా చూసుకోవడం గురించి గోదావరి వారికి నేను పాఠం చెప్పనక్కరలేదు.

గాలికి ముందు

1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమను ఏం చేసిందో చూసినవారు, ఈ నెలలలో ఆకాశం నిర్మలంగా ఉన్నా గెడలు సిద్ధంగానే ఉంచుకుంటారు. అంతటి గాలికి ఏ కట్టూ ఆగదు. మనం చేసే ఏర్పాటు ఏటా వచ్చే మామూలు ఈదురుగాలికి. గెల వేసిన అరటికి వెదురు గెడలు రెండు, కత్తెర ఆకారంలో, గెల వాలిన వైపున ఆనించి కట్టాలి. ఒక్క గెడ కడితే గాలి దిశ మారినప్పుడు చెట్టు అటు తిరిగి పడిపోతుంది. మచ్చలు పట్టిన ఆకులను కోసి పెరటి బయటికి చేర్చండి, తల్లి చెట్టుకు ఒక్క పిలక మించి ఉంచకండి. మునగ కొమ్మ పెళుసు గనుక పొడవైన కొమ్మలను గాలి విరిచేలోగా మనమే కోయడం మంచిది. బొప్పాయి మొదట్లో ఒక రోజు నీరు నిలిచినా చెట్టు దక్కడం కష్టం. దాని మొదలు చుట్టూ మట్టి ఎగదోసి, ఆ మట్టి నుంచి కాలువలోకి ఒక చిన్న గాడి తీయండి.

కొబ్బరికి ఎండిన మట్టలు, ముదిరిన కాయలు దింపించాలి. పచ్చని మట్టలు మాత్రం కొట్టనివ్వకండి. దింపు మనిషి తన పని సులువు కోసం వాటిని కూడా నరకడం పరిపాటి, దాని ఫలితం వచ్చే ఏడాది కాయల లెక్కలో కనిపిస్తుంది. పేడకుప్పను ఈ నెలలో ఒకసారి తిరగవేస్తే బొటనవేలంత లావు తెల్లని పురుగులు ముడుచుకొని కనిపిస్తాయి. అవే పెరిగి కొమ్ము పురుగులై కొబ్బరి మొవ్వులను తొలుస్తాయి. వాటిని ఏరి కోళ్లకు వేయండి.

అభ్యాసం

వచ్చే పాఠానికి ముందు మూడు పనులు చేసి రాసుకోండి. గొట్టంతో కొలిచిన పెరటి వాలును అంగుళాలలో రాయండి. ఒక మంచి వాన వెలిసిన తరువాత గడియారం చూసి, కాలువలలో నీరు పూర్తిగా పోవడానికి ఎంతసేపు పట్టిందో, ఏ చోట ఆఖరున నిలిచిందో గుర్తించి అక్కడ ఒక పుల్ల గుచ్చండి. నారుమడిలో వంద విత్తనాలు లెక్కపెట్టి ఒక గీతలో విడిగా వేసి, పన్నెండవ రోజుకు ఎన్ని మొలిచాయో, ఇరవయ్యవ రోజుకు వాటిలో ఎన్ని మిగిలాయో రాయండి. మొలవనివి ఎక్కువైతే లోపం విత్తనంలోనో లోతులోనో ఉంటుంది, మొలిచి పోయినవి ఎక్కువైతే తడిలో ఉంటుంది. ఆరవ పాఠంలో నారు నాటడం, మల్చింగు (మొక్కల మొదట్లో నేలను గడ్డీ ఆకులతో కప్పడం), మార్గశిరపు మంచు వేళ వచ్చే బూడిద తెగులు సంగతి ఈ అంకెలతోనే మొదలుపెడదాము.