పక్షవాతం, ఫిట్స్, ఫ్లోరైడ్ నడక: ఏ పరీక్షకు ఎలా వెళ్లాలి

మూతి వంకరపోయి, ఒక పక్క చెయ్యి పడిపోయి, మాట ముద్దగా వస్తుంటే అది పక్షవాతం కావచ్చు, ముందు టైం చూడండి. మనిషి చివరిసారి ఎన్నింటికి మామూలుగా ఉన్నాడో రాసుకోండి. నిద్రలో వస్తే పడుకున్న టైమే లెక్క. మెదడు రక్తనాళంలో అడ్డుపడిన రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా 4.5 గంటల లోపే ఇస్తారు, అదీ సీటీ స్కాన్ చూశాకే. దేవరకొండ, అచ్చంపేట నుంచి హైదరాబాద్ దారికే రెండు గంటలకు పైగా పోతాయి కాబట్టి 108కు ఫోన్ చేసినప్పుడే సీటీ ఉన్న దగ్గరి ఆసుపత్రి అడగండి. షుగర్ పడిపోయినా ఇవే లక్షణాలు రావచ్చు, వెంటనే షుగర్ పరీక్ష చేయించండి. పసరు, నీళ్లు, ఆస్పిరిన్ ఏదీ నోట్లో వెయ్యొద్దు. మొదటి గంటల్లో సీటీ మామూలుగా ఉండొచ్చు. అది ముఖ్యంగా మెదడులో రక్తస్రావం ఉందా లేదా తేల్చడానికే. స్కాన్ బాగుందని ఇంటికి తెచ్చుకోవద్దు.

ఫిట్స్‌కు ఈఈజీ, అంటే తలకు తీగలు అంటించి మెదడులోని కరెంటును గీతలుగా తీసే పరీక్ష. ముందురోజు రాత్రి షాంపూతో తలస్నానం చేసి నూనె రాయకుండా వెళ్లాలి. కొబ్బరినూనె ఉంటే తీగలు సరిగా అంటుకోక గీతలు చెడిపోతాయి. మాత్రలు సొంతంగా ఆపొద్దు, ఉపవాసం అక్కర్లేదు. ఈఈజీ మామూలుగా వచ్చినంత మాత్రాన ఫిట్స్ లేవని కాదు. ఫిట్ వచ్చినప్పుడు ఫోన్‌లో తీసిన వీడియో డాక్టరుకు చాలా పనికొస్తుంది.

షుగర్ ఉన్నవాళ్ల అరికాళ్ల మంటకు ముందు ట్యూనింగ్ ఫోర్క్ (కొడితే వణికే లోహపు పుల్ల), సన్నని నైలాన్ పోగుతో పాదాల స్పర్శ చూస్తారు. నరాల కరెంటు పరీక్షకు వెళ్లేరోజు ఒంటికి నూనె, క్రీమ్ వద్దు.

నల్గొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు ఎక్కువ పొరపాటు జరిగేది ఇక్కడ: ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్లు తాగిన పెద్దాయన కాళ్లు బిగుసుకుపోతే, మెట్టు ఎక్కలేకపోతే, మూత్రం ఆపుకోలేకపోతే వయసు మీద తోసేస్తారు. ఫ్లోరైడ్‌తో వెన్నుపూసలు, వాటిని పట్టి ఉంచే కట్లు మందమై లోపలి వెన్నుపామును నొక్కుతుంటాయి. ముంజేతి ఎక్స్‌రేలో రెండు ఎముకల మధ్య పొర గట్టిపడి కనిపిస్తే అనుమానం బలపడుతుంది. నొక్కుడు ఎక్కడుందో చెప్పేది ఎమ్మారై. నడుముకే తీయించి ఊరుకోవద్దు, మెడకూ అవసరమా అని అడగండి: మెడ దగ్గర నొక్కినా కాళ్లే ముందు బిగుసుకోవచ్చు. బీ12 విటమిన్ తక్కువైనా నడక తప్పుతుంది, ఆ రక్తపరీక్ష కూడా చేయించండి. ఫ్లోరైడ్ లేని మంచినీళ్లకు మారితే ముందుకు ముదరడం తగ్గుతుంది గానీ, నొక్కుడు దానంతట అది పోదు. ఆపరేషన్ కావాలా అన్నది న్యూరోసర్జన్ చెప్పాలి, కాళ్లు పూర్తిగా పడిపోకముందే. నడుం వంగి వెల్లకిలా పడుకోలేని మనిషైతే ఎమ్మారై గదిలో ముందే చెప్పండి, దిండ్లు సర్దుతారు. పేస్‌మేకర్, ఒంట్లో రాడ్లు ఉంటే వాటి కాగితాలూ చూపించండి.