పెరటి కొట్టు తలుపు ఉబ్బిందా, కుంగిందా? చిత్రిక పట్టే ముందు చూడండి

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా పెరట్లో గునపాలు, పారలు, మందు కొట్టే స్ప్రేయరు పెట్టుకునే చిన్న కొట్టు ఉంది. దాని తలుపు నేనే చేశాను. ఆరడుగుల ఎత్తు, రెండున్నర అడుగుల వెడల్పు. ముందు నిలువు పలకలు, వెనక మూడు అడ్డబద్దలు, వాటి మధ్య ఐమూలగా రెండు బద్దలు. వేసవిలో చక్కగా మూసుకుంది. ఆగస్టు వచ్చేసరికి గడియ పక్క బిగుసుకుపోయింది. చిత్రిక తీసి గబగబా లాగేస్తుంటే పక్కింటి వడ్రంగి తాత గోడ మీంచి చూశారు.

"ఆపు బాబూ. అది ఉబ్బిందో కుంగిందో చూసేవా?"

"లేదు తాతా."

చెక్క ఆరాక, తర్వాతి సంక్రాంతి నాటికి నేను చిత్రిక పట్టిన అంచు దగ్గర సందులో చిటికెన వేలు దూరేది. అప్పట్నుంచి ఎవరు తలుపు పట్టేస్తోందన్నా ముందు ఆ ప్రశ్నే అడుగుతున్నాను.

తలుపు పట్టేస్తోంది: ముందు తేల్చుకోవాల్సింది

ద్వారబంధం లోపలి అంచుకి సుద్దముక్క బాగా రుద్ది తలుపు మూసి తెరవండి. తెలుపు ఎక్కడ అంటుకుందో అక్కడే ఒరుసుకుంటోంది. గడియ పక్క పైనుంచి కిందదాకా సమానంగా అంటుకుంటే చెక్క ఉబ్బింది. పై మూలలోనే అంటుకుని, కింద గడప మీద విల్లులా గీత పడుతుంటే తలుపు కుంగింది. రెండింటికీ మందు వేరు.

కుంగితే

మొదట బందులు, అంటే తలుపుని ద్వారబంధానికి పట్టే కీళ్లు చూడండి. గడియ పక్క తలుపుని చేత్తో పైకెత్తి వదలండి. పై బందు దగ్గర స్క్రూ కదిలితే తలుపు తప్పేం లేదు, కన్నం పెద్దదైంది. స్క్రూ తీసి, వెదురుపుల్ల చెక్కి ఫెవికాల్ రాసి ఆ కన్నంలో దిగ్గొట్టండి. మర్నాడు అంచు సమంగా కోసి, రెండంగుళాల స్క్రూ వేయండి. బందు స్క్రూ పలకని మాత్రమే పట్టుకుంటే ఎన్నిసార్లు బిగించినా మళ్లీ ఊడుతుంది. అది వెనక ఉన్న అడ్డబద్దలోకి దిగాలి.

బందులు గట్టిగానే ఉంటే టేపుతో రెండు ఐమూలలూ కొలవండి. సమానంగా వస్తే తలుపు సరిగ్గానే ఉంది, ద్వారబంధమే ఒరిగింది. దారానికి కట్టిన తూగుగుండు ద్వారబంధం పక్కన వేలాడదీస్తే తెలిసిపోతుంది. పై బందు పక్క మూల నుంచి కింద గడియ పక్క మూలకి కొలత ఎక్కువ వస్తే తలుపే వాలిపోయింది.

ఇలా వాలడానికి నేను ఎక్కువగా చూసిన కారణం ఐమూల బద్దని తిరగేసి కొట్టడం. చాలామంది దాన్ని అందం కోసం అనుకుంటారు. తలుపు బరువంతా గడియ పక్క కిందికి లాగుతుంది. ఆ బరువుని మోసుకెళ్లి కింది బందు మీద పెట్టడం ఈ బద్ద పని. అందుకే దాని కింది కొన బందు పక్కన, పై కొన గడియ పక్కన ఉండాలి. తిరగేస్తే బరువు బద్ద మీద ఆనదు, దాన్ని లాగుతుంది. అప్పుడు భారమంతా స్క్రూల మీదే పడుతుంది, నెలల్లో వదులైపోతాయి. కొనలు ఊరికే ఆనించినా చాలదు. అడ్డబద్దలో అరంగుళం గాడి తీసి, కొన అందులో సందు లేకుండా కూర్చోవాలి.

బాగుచేయాలంటే తలుపు ఊడదీసి చదునైన నేల మీద వెనకవైపు పైకి వచ్చేలా పెట్టండి. ఐమూల బద్దలు తీసేయండి. పొడుగు వచ్చిన ఐమూల మీద రెండు మూలలకీ తాడు కట్టి, మధ్యలో కర్ర దూర్చి మెలేయండి. రెండు కొలతలూ సమానమయ్యే వరకూ మెలేసి, తాడు అలాగే ఉంచి, బద్దలు సరైన దిశలో కోసి బిగించండి. తాడు విప్పాక మళ్లీ కొలవండి.

ఉబ్బితే

వర్షాకాలంలో చిత్రిక జోలికి పోవద్దు. చెక్క పొడవులో దాదాపు కదలదు, వెడల్పులో మాత్రం తేమ తాగి పెరుగుతుంది, ఎండలో తగ్గుతుంది. మహేంద్రగిరి వైపు నుంచి మబ్బు దిగితే మనకి రోజుల తరబడి ముసురే. ఆగస్టులో తీసేసిన చెక్క జనవరిలో తిరిగి రాదు. అప్పటిదాకా అంచుకి కొవ్వొత్తి రుద్దితే చాలావరకు సర్దుకుంటుంది. తలుపు అసలు మూతపడకపోతే గడియ పక్క సుద్ద అంటిన చోట మాత్రమే పలుచగా తీసి, ఆ రోజే ప్రైమర్ పూయండి. తీసిన అంచు పచ్చిగా వదిలితే ఇంకా నీరు తాగుతుంది.

అసలు కారణం పలకల మధ్య సందు లేకపోవడం. సందు లేకుండా బిగిస్తే ఒక్కో పలక ఉబ్బు పక్కదాని మీదికి తోస్తూ వచ్చి, మొత్తం గడియ పక్క తేలుతుంది. ఒక అంచున నాలుక, రెండో అంచున అది దూరే గాడి తీసిన పలకలు వాడి, మధ్య రూపాయి బిళ్ల మందం సందు వదలండి. నాలుకకి ఫెవికాల్ పెట్టొద్దు. ఒక్కో పలకని అడ్డబద్దకి దాని వెడల్పు మధ్యలోనే బిగించండి, రెండు అంచుల్లో కాదు. అంచుల్లో బిగిస్తే ఎండాకాలంలో పలక మధ్యకి చీలుతుంది.

చెక్క ఎంపిక కూడా ఇక్కడే చెప్పాలి. కలప డిపోలో శాల అంటే మన గుగ్గిలం, పియాశాల అంటే వేగిస. శాల ద్వారబంధానికి మంచిది. తలుపు రెక్కకి బరువెక్కువ, ఆరేటప్పుడు పగుళ్లు. రెక్కకి నేను ఉద్దానం వైపు నుంచి వచ్చే పనస చెక్కే వాడతాను, చేవ, అంటే లోపలి ముదురు భాగం ఉన్నది చూసి. ఏది కొన్నా పచ్చిది పనికిరాదు. ముక్క మీద చిత్రిక ఒకసారి లాగి చూడండి. పొట్టు తడిగా, మెత్తగా చేతికి అంటుకుంటే ఇంకా ఆరలేదు. మధ్య మధ్య బద్దలు పెట్టి నీడలో పేర్చండి, ఎండలో వేయకండి.

మెలి తిరిగి ఒక మూల బయటికి వస్తే

దీనికి కారణం పచ్చి చెక్క, లేదా ఒక వైపే రంగు వేయడం. మెలి తిరిగింది మళ్లీ చదునవడం కష్టం. తలుపు ఆనే బద్దని ఊడదీసి, తలుపు వంపుకి తగ్గట్టు జరిపి కొట్టేయండి. తర్వాత రెండు వైపులా సమానంగా రంగు వేయండి.

కింది భాగం మెత్తబడుతుంటే

పలకల కింది కొనలు గొట్టాల్లా నీరు పీలుస్తాయి. చూరు నీళ్లు నేలకి కొట్టి చిమ్మేది సరిగ్గా అక్కడికే. స్క్రూడ్రైవరుతో పొడిస్తే దిగినంత మేర కోసేసి, అక్కడ ఒక అడ్డపలక బిగించండి, పై అంచు బయటికి వాలుగా చిత్రిక పట్టి. గడపకీ తలుపుకీ అరంగుళం వదలండి. కోసిన కొనలకి ప్రైమర్ మూడు పూతలు, ఒక్కోటీ ఆరనిచ్చి. పలాస వైపు జీడిపిక్కల నూనె దొరికితే ద్వారబంధం కింది కొనకి అదే పూస్తాను. చేతికి గ్లవ్స్ తప్పనిసరి, చర్మం మీద పడితే బొబ్బలెక్కుతుంది. ద్వారబంధం కాళ్లు మట్టిలో పాతకుండా రాయి మీద నిలబెట్టండి.

పొడి రాలుతోంది, లేదా మట్టి గీతలు పాకుతున్నాయి

రెండూ ఒకటి కాదు. సన్న కన్నాల కింద పిండిలా పొడి పడితే అది చెక్కలోనే పుట్టిన పురుగు, చేవ లేని తెల్ల భాగాన్ని తింటుంది. రంగు గీకి, బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్లు బాగా పట్టించి ఆరనివ్వండి. నేల నుంచి మట్టి గొట్టాలు పాకితే చెదలు. గొట్టం ఒకచోట విరిచి వారం తర్వాత చూడండి. మళ్లీ కట్టుకుంటే లోపల బతికే ఉన్నాయి. తలుపుకి ఎంత మందు కొట్టినా లాభం లేదు, అవి వచ్చేది మట్టిలోంచి. ద్వారబంధం చుట్టూ నేలకి చెదల మందు పట్టించాలి.

గాలికి బందులు ఊడొస్తుంటే

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా కొట్టు తలుపు పై బందు ముప్పావు అంగుళం స్క్రూలతో సహా ఊడొచ్చేసింది. చెక్క చెక్కుచెదరలేదు. ఇప్పుడు పొడుగు పట్టీ బందులు వేసి, అడ్డబద్ద దాటి వెనక వరకూ బోల్టులు దూర్చి, పెద్ద వాషరు పెట్టి నట్లు బిగించాను. గడియ ఒక్కటే కాదు, పైనా కిందా బేడాలు ఉండాలి. బోల్టులు గాల్వనైజ్డ్ కొనండి. మామూలు ఇనుము అయితే తలల చుట్టూ చెక్క నల్లబడి అక్కడే కుళ్లు మొదలవుతుంది. దసరా ముందు ఒకసారి నట్లన్నీ స్పానర్ పెట్టి చూసుకోండి, వేసవిలో చెక్క ఆరి తగ్గితే కొన్ని వదులై ఉంటాయి.