గేట్ల పాఠానికి ముందు ఈ గేమ్ ఆడించండి
డిజిటల్ లాజిక్ చెప్పే మాస్టార్లకి, మేడమ్‌లకి ఒక మాట. లాజిక్ గేట్ల (సున్నా, ఒకటి సిగ్నళ్ల మీద పనిచేసే చిన్న సర్క్యూట్ల) చాప్టర్ బోర్డు మీద మొదలుపెట్టకండి, ముందు ల్యాబ్‌లో నాండ్‌గేమ్ తెరవమనండి. డబ్బు కట్టక్కర్లేదు, ఇన్‌స్టాల్ చెయ్యక్కర్లేదు, బ్రౌజర్‌లోనే ఆడొచ్చు. రిలేలతో, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్‌లతో, నాండ్ గేటు (రెండు ఇన్‌పుట్లూ ఒకటైతేనే సున్నా ఇచ్చేది) కట్టడంతో మొదలై, దాన్నుంచే యాడర్ (కూడికలు చేసేది), ఏఎల్‌యూ (లెక్కలు, లాజిక్ పనులు చేసే భాగం), చివరికి ప్రాసెసర్ దాకా పిల్లలే కట్టుకుంటూ పోతారు.

అమలాపురం, భీమవరం వైపు పిల్లలకైతే యాండ్, ఆర్ తేడా చెప్పడానికి పొలమే చాలు: ఒకే బోదె మీద వరసగా రెండు తూములుంటే రెండూ ఎత్తితేనే చేలోకి నీళ్లొస్తాయి, అది యాండ్. వేర్వేరు బోదెలు రెండుంటే ఏ ఒక్కటి తెరిచినా చాలు, అది ఆర్.

ఎక్సార్ (రెండు ఇన్‌పుట్లు వేరైతేనే ఒకటి ఇచ్చే గేటు) లెవెల్ దగ్గర మాత్రం తొందరపడి జవాబు చెప్పెయ్యకండి. చాలామంది నాట్, యాండ్, ఆర్ పేర్చి ఎలాగోలా దాటేస్తారు, అప్పుడు "నాలుగే నాండ్‌లతో అవుతుంది, చేసి చూపించండి" అని వదిలెయ్యాలి. అక్కడ వాళ్లలో వాళ్లు వాదించుకుంటారు చూడండి, నా దృష్టిలో అసలు పాఠం అదే. బూలియన్ ఆల్జీబ్రా (ఈ గేట్ల వెనకున్న గణితం) ఆ తర్వాత చెబితే ఎందుకు నేర్చుకోవాలో వేరే చెప్పే పనుండదు.

ఇద్దరికి ఒక సిస్టమ్ ఇవ్వండి, కానీ లెవెల్ లెవెల్‌కీ మౌస్ చేతులు మారాలి, లేకపోతే ఒకరు ఆడతారు, ఇంకొకరు చూస్తూ కూర్చుంటారు.