న్యూజిలాండ్‌లోని వెల్లింగ్టన్‌లో ఇల్లు తీసుకున్నారా? ముందు వేడినీళ్ల సిలిండర్ చూడండి

బ్యాంకు అకౌంటు, ఐఆర్‌డీ నంబరు (ఇక్కడి పన్ను నంబరు), బస్సు కార్డు గురించి ఎవరైనా చెబుతారు, అవి వదిలేస్తున్నా. మొన్న కొత్తగా వచ్చిన ఓ తమ్ముడి ఇంటికి వెళ్లాను. సిలిండర్ ఉన్న అల్మారా వెచ్చగా ఉంటుందని బట్టలూ పచ్చడి జాడీలూ అందులోనే సర్దేశాడు, సిలిండర్‌ని గోడకు కట్టే పట్టీ మాత్రం ఒక్కటి కూడా లేదు. అడిగితే "గీజరే కదన్నా" అన్నాడు.

మన ఊళ్లో బాత్రూమ్ గోడకు వేలాడే గీజర్ కాదు నాయనా ఇది, అల్మారాలో నిలబెట్టిన పెద్ద నీళ్ల ట్యాంకు. 180 లీటర్లదైతే నీళ్ల బరువే 180 కిలోలు, అదీ ఒళ్లు కాలే వేడితో. భూమి ఊగినప్పుడు అది ఒరిగిందంటే పైపులు తెగి ఇల్లంతా నీళ్లే. పైగా కుళాయిలు ఆగిపోయిన రోజుల్లో మరిగించుకు తాగడానికి మిగిలేవి ఆ నీళ్లే, వాటినీ పోగొట్టుకుంటాం. 2016 నవంబరు 14న అర్ధరాత్రి దాటగానే కైకోరాలో 7.8 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు ఈ ఊరు కూడా గట్టిగానే ఊగింది, మరిచిపోకండి.

పైన ఒకటి, కింద ఒకటి గాల్వనైజ్డ్ పట్టీలు చుట్టి, గోడ లోపలి నిలువు చెక్క దుంగలోకి (స్టడ్) లావుపాటి కోచ్ స్క్రూలతో బిగించాలి. గోడ పైన ఉండే ఉత్త జిబ్ బోర్డులోకి (ప్లాస్టర్ పలక) దించిన స్క్రూ ఎందుకూ పనికిరాదు, ఈ మాట ఎన్నిసార్లైనా చెబుతా. గోడకూ సిలిండర్‌కూ మధ్య ఖాళీ ఉంటే చెక్క దిమ్మ పెట్టాలి, లేదంటే పట్టీ ఉన్నా ఊగుతూనే ఉంటుంది. కిట్లు హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతాయి.

అద్దె ఇల్లా? ఓనర్‌కి ఈమెయిల్ పెట్టండి, నోటిమాటగా అడగొద్దు. నేను వచ్చిన కొత్తలో చిన్న కుదుపు వచ్చినా నిద్రపట్టేది కాదు, అప్పటి మా ఓనరేమో "ఇన్నేళ్లుగా నిలబడే ఉందిగా" అని తేల్చేశాడు. 2021 ఫిబ్రవరి నుంచి చిన్నపాటి మార్పులు అడిగితే ఓనర్లు ఊరికే కాదనకూడదు, 21 రోజుల్లో జవాబివ్వాలి. ఆ రూల్ చూపించి అడగండి, మొహమాటం దేనికి?

ఇంకోటి, భూకంపం తర్వాత ఆ నీళ్లు పట్టుకునే ముందు కరెంటు బోర్డులో సిలిండర్ స్విచ్ ఆపేయండి, లేదంటే ఖాళీ అయ్యాక నీళ్లు కాచే ఎలిమెంటు కాలిపోతుంది. బయటి నుంచి మురికి నీళ్లు లోపలికి రాకుండా సిలిండర్‌లోకి నీళ్లొచ్చే పైపు వాల్వ్ కూడా కట్టేయండి.

సరే, టెన్షన్ పెట్టేశానేమో. ఇక్కడ ఏటా వేల భూకంపాలు నమోదవుతాయి కానీ చాలావాటిని మనం గమనించను కూడా గమనించం. ఇళ్లు కూడా ఎక్కువగా చెక్క ఫ్రేమ్‌వే, కిర్రుమంటూ ఊగి ఊరుకుంటాయి. పాత ఇటుక చిమ్నీ ఉన్న ఇల్లయితే తప్ప, అది కూలొచ్చు. ఉందేమో ఒకసారి బయటికెళ్లి చూసి రండి.